బొటనవ్రేలి మూలభగ్నము: శస్త్రచికిత్సా చరిత్రము, గంజాము తీరపు అనుభవము

వైద్యము నా వృత్తి కాదు. గంజాము జిల్లాలో తెలుగు పిల్లలకు మాతృభాష బోధించుట నా వృత్తి. అట్టి నేను ఎముకలను గూర్చి వ్రాయబూనుట సాహసమని విజ్ఞులు తలంపవచ్చును. కాని ఋషికుల్యా నదీముఖమున నున్న పొడంపేట వంటి పల్లెలలోని పిల్లలకు పాఠము చెప్పువారికి చేతులను చూడకుండ నుండుట సాధ్యము కాదు. పలక పట్టెడి చేయి, తెడ్డు పట్టెడి చేయి, వల లాగెడి చేయి, వ్రేలిముద్ర వేసెడి చేయి, ఇవియే ఆ గ్రామముల చరిత్ర. ఆ చేతిలో అన్నిటికంటె పొట్టిదై, అన్నిటికంటె బలమైనదై, తక్కిన నాలుగింటికి ఎదురు నిలువగలదై యున్నది బొటనవ్రేలు. దాని మొదట ఎముక విరిగినచో మనుష్యుడు చావడు, మంచము పట్టడు, నడక మానడు. అందుచేతనే ఆ గాయమును ఎవ్వరును గాయముగా లెక్కింపరు. లెక్కింపబడని ఆ గాయమునకు వైద్యులు ఎన్నడు పేరు పెట్టిరి, శస్త్రచికిత్స ఎట్లు కల్పించిరి, ఆ చికిత్స మన తీరమునకు ఎంతవరకు చేరినది అను మూడు ప్రశ్నలకు సమాధానములు వెదకుట ఈ వ్యాసోద్దేశము.

అంగుష్ఠముయొక్క ప్రాధాన్యమును మన సాహిత్యము ఏనాడో గుర్తించినది. నన్నయభట్టారకుని ఆదిపర్వమందలి ఏకలవ్యుని కథ ఎరుగని తెలుగువాడుండడు. గురుదక్షిణగా ద్రోణుడడిగినది ప్రాణము కాదు, ధనము కాదు, కుడిచేతి బొటనవ్రేలు. అది పోయినచో విలుకాని విద్య యంతయు పోవునని ఆచార్యునకు తెలియును. పొడంపేట జాలరికిని అంతే. ఒడియా సోదరులు దీనిని ‘బుఢా ఆంగుఠి’ అందురు, అనగా ముసలివ్రేలు. ఇంటికి పెద్దవానివలె తక్కిన వ్రేళ్లను కూడగట్టుకొని పని చేయించునది కనుక ఆ పేరు తగియే యున్నది. చేతిపనిలో దాదాపు సగపాలు ఈ యొక్క వ్రేలిదే యని హస్తవైద్యులు గణించుచుందురు.

కీలు స్వరూపము

అరచేతిలో వ్రేలికొకటి చొప్పున ఐదు పొడవైన ఎముకలు కలవు. బొటనవ్రేలికి సంబంధించిన మొదటి ఎముక మణికట్టునందలి ‘ట్రెపీజియము’ అను చిన్న ఎముకపై కూర్చుండును. ఆ కూర్చుండుట గుఱ్ఱముపై జీను కూర్చుండినట్లుండును. జీను ముందువెనుకలకు ఒక విధముగను, ప్రక్కలకు వేరొక విధముగను వంగియుండును గదా. ఈ కీలునందలి రెండెముకలును అట్లే ఒకదానికొకటి ఎదురువంపులు కలిగియుండుటచే బొటనవ్రేలు అరచేతి మీదికి వాలగలదు, ప్రక్కకు తొలగగలదు, కొంత తిరిగి తక్కిన వ్రేళ్ల కొనలను తాకగలదు. ఇంత స్వేచ్ఛ కలిగిన కీలు సహజముగా అంత దృఢమైనది కాదు. దానిని నిలిపియుంచునవి చుట్టునున్న స్నాయుబంధములు. వానిలో అరచేతి వైపున నున్న బంధమొకటి ముఖ్యము. అది మొదటి ఎముకయొక్క ముక్కువంటి మొనను పట్టుకొని ట్రెపీజియమునకు కట్టివేయును.

బొటనవ్రేలు కొంచెము వంగియున్న స్థితిలో దాని కొననుండి మొదటివైపునకు బలమైన తాకిడి తగిలినపుడు ఎముక మొదలు జీనుపై గట్టిగా గ్రుద్దుకొని ఏటవాలుగా పగులును. ముక్కువంటి చిన్న తునక బంధముతోపాటు తన చోటనే నిలిచిపోవును. తక్కిన ఎముక యంతయు ఆధారము తప్పి వెలికి జారును. అట్లు జారిన దానిని ముంజేతినుండి వచ్చు కండర మొకటి పైకిని వెలికిని లాగును. అరచేతిలోని మరియొక కండరము వ్రేలి కొనవైపును లోనికి లాగును. ఈ లాగుడుల మధ్య ఎముకను చేతితో సరిచేయుట సులభము, సరిచేసిన దానిని అట్లే నిలుపుట మాత్రము మిక్కిలి కష్టము. ఈ గాయముయొక్క చికిత్సా చరిత్ర యంతయు ఈ ఒక్క చిక్కునుండి పుట్టినది.

మల్లయుద్ధమున పిడికిలితో గ్రుద్దువారికిని, వాహనమునుండి చేయి మోపి పడువారికిని ఈ భగ్నము కలుగును. మన తీరమున దీనికి వేరొక త్రోవ కలదు. అలలు విరుగుచోట నావను ఒడ్డునకు చేర్చునపుడు దాని అంచును పట్టుకొన్న చేయి, అల ఎత్తివేసిన నావకును మోకునకును మధ్య చిక్కుకొనును. తడిసి జారిన తెడ్డుపై మనిషి పడినపుడు పిడికిలిలోని బొటనవ్రేలు మొత్తము బరువును మోయును.

ప్రాచీన భగ్నచికిత్స

మన దేశమున ఎముకల చికిత్సను గూర్చి క్రమముగా చెప్పిన ప్రాచీనగ్రంథము సుశ్రుతసంహిత. అందు నిదానస్థానమున 15వ అధ్యాయమును, చికిత్సాస్థానమున 3వ అధ్యాయమును భగ్నములకే కేటాయింపబడినవి. సుశ్రుతుడు ఈ గాయములను రెండుగా విభజించెను. కీలు తొలగుట సంధిముక్తము. అది ఆరు విధములు. ఎముక విరుగుట కాండభగ్నము. అది పండ్రెండు విధములు. ఎముక పిండియైపోయిన దానికి చూర్ణితమని పేరు. చికిత్సాక్రమమును లాగుట, ఒత్తుట, దగ్గరకు చేర్చుట, కట్టుట అని నాలుగు క్రియలుగా చెప్పినాడు. మఱ్ఱి, రావి, మేడి, మోదుగు, వెదురు మున్నగువాని పట్టలను బద్దలుగా వాడవలెననియు, కట్టు వదులైనచో కీలు నిలువదనియు, మిక్కిలి బిగువైనచో వాపును నొప్పియు కలిగి చీము పట్టుననియు హెచ్చరించినాడు. చలికాలమున ఏడు దినములకును, సమశీతోష్ణకాలమున ఐదు దినములకును, వేసవిలో మూడు దినములకును కట్టు మార్చవలెనని నియమము. పడుచువయస్సున నెలకును, నడివయస్సున రెండు నెలలకును, ముదిమియందు మూడు నెలలకును ఎముక అతుకునని లెక్క.

వీనియన్నిటికంటె నన్ను ఆకర్షించినది చేతిని గూర్చిన విధానము. అరచేయి విరిగి అతికిన పిమ్మట రోగిచేత మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, చేతికి బలము కలిగిన మీదట రాతిని పట్టించవలెనని సుశ్రుతుడు చెప్పెను. మెత్తనిదానినుండి గట్టిదానికి క్రమముగా పోవు ఈ అభ్యాసమును నేటి హస్తవైద్యశాలలలోని వ్యాయామచికిత్సకులు వేరు పేరుతో, వేరు సామగ్రితో చేయించుచునే యున్నారు. ఎముకను కలుపుట సగము పనియే యనియు, చేతికి పని తిరిగి నేర్పుట తక్కిన సగమనియు ఆ ప్రాచీనుడు ఎరిగియుండెను.

ఈ విద్య తెలుగునేలపై శాస్త్రముగా కంటె కులవృత్తిగను కుటుంబవృత్తిగను నిలిచినది. చిత్తూరు ప్రాంతమునందలి పుత్తూరు కట్టు దక్షిణదేశమంతట ప్రసిద్ధము. ఆకుపసరును, కోడిగ్రుడ్డు తెల్లసొనను పూసి, వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో బిగించి కట్టుదురు. ముంజేయి, కాలు వంటి పొడవైన ఎముకలు తొలగకుండ విరిగినచోట ఇట్టి కట్టు ఎందరికో ఉపకరించినది. గంజాము తీరపు పల్లెలలోను ఇట్లే కట్టుకట్టువారు కలరు. వారిని అవహేళన చేయుట నా యుద్దేశము కాదు. కాని పైన చెప్పిన గాయము కట్టునకు లొంగునది కాదు. బద్ద ఎంత బిగించినను ముంజేతి కండరపు లాగుడు మానదు. పైకి వాపు తగ్గును, లోపల ఎముక జారిన చోటనే అతుకును. ఇందులో దోషము కట్టినవాని చేతిది కాదు, గాయముయొక్క స్వభావమునది.

డబ్లిను నగరమున 1881

ఈ స్వభావమును మొదట స్పష్టముగా వివరించినవాడు ఐర్లండు దేశపు శస్త్రవైద్యుడు ఎడ్వర్డు హాలరన్ బెన్నెట్టు. ఆయన 1837లో కార్కులో జన్మించి, 1873లో డబ్లినునందలి ట్రినిటీ కళాశాలలో శస్త్రవైద్యాచార్యుడై, 1907లో మరణించెను. విరిగి అతికిన ఎముకలను సేకరించి పరీక్షించుట ఆయనకు వ్యసనము. ఆ సంగ్రహమునందు బొటనవ్రేలి మొదటి ఎముకలు కొన్ని ఒకే తీరున, మొదట ఏటవాలుగా విరిగి, వంకరగా అతికియుండుట ఆయన గమనించెను. 1881లో డబ్లిను రోగనిదానసంఘము ఎదుట ఈ విషయమును ప్రకటించెను. మరుసటి సంవత్సరము అది వైద్యపత్రికలో అచ్చుపడినది. నాటినుండి దానికి ‘బెన్నెట్టు భగ్నము’ అని పేరు.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, ఎక్స్‌కిరణములు లేని కాలమున ఆయన దీనిని కనుగొనెను. బ్రతికియున్నవాని చేతిలో కానరానిది చనిపోయినవాని ఎముకలో కనబడినది. రెండవది, ఆ ఎముకల సొంతదారులలో అనేకులు తమ వ్రేలు విరిగినదని ఎరుగకయే బ్రతికియుందురని ఊహింపవచ్చును. కీలు తొలగినదనియో, బెణికినదనియో వైద్యులు పొరబడుచుండిరని బెన్నెట్టు చెప్పిన హెచ్చరిక నేటికిని చెల్లును. ‘బెణుకు’ అను మాట ఈ గాయమునకు పెద్ద శత్రువు.

1895 నవంబరు 8న జర్మనీలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. ఆ డిసెంబరులో ఆయన తీసిన ప్రసిద్ధమైన మొదటి చిత్రము ఆయన భార్య చేతిదే. ఉంగరముతోగూడిన ఆ ఎముకల చేయి లోకమునంతటిని ఆశ్చర్యపరచినది. హస్తభగ్నములను గూర్చి అంతవరకు ఊహగా నున్నది ఇక కంటికి కనబడసాగెను. 1910లో ఇటలీదేశీయుడైన సిల్వియో రొలాండో మరియొక రకమును వర్ణించెను. ఇందు ఎముక మొదలు రెండు తునకలుగా గాక, ఆంగ్లాక్షరములగు ‘టీ’ వలెనో ‘వై’ వలెనో మూడు తునకలుగా చీలి కీలులోనికి తెరచుకొనును. ఒక్కొక్కప్పుడు అంతకంటెను నలిగిపోవును. సుశ్రుతుని చూర్ణితమను మాట ఇచ్చట గుర్తునకు వచ్చుట సహజము. బెన్నెట్టు భగ్నముకంటె ఇది అరుదైనది, చికిత్సకు కఠినతరమైనది. కీలును తాకకుండ దానికి కొంచెము పైన ఎముక అడ్డముగా విరుగు మూడవ రకము కలదు. అది సాధారణముగా ప్లాస్టరు కట్టుతోనే చక్కబడును. ఈ మూటిని వేరుచేయగలుగుటయే చికిత్సకు మొదటి మెట్టు.

కట్టునుండి కత్తివరకు

శస్త్రచికిత్స పుట్టుటకు నాలుగు సాధనములు కావలసియుండెను: నొప్పి తెలియకుండ చేయుట, గాయము చీముపట్టకుండ కాచుట, ఎముకను చూడగలుగుట, చేర్చినదానిని నిలుపగల లోహము. 1846లో అమెరికాలోని బాస్టను నగరమున ఈథరు మత్తు బహిరంగముగా ప్రదర్శింపబడినది. 1867లో జోసెఫ్ లిస్టరు క్రిమినాశకపద్ధతిని ప్రకటించెను. మూడవది రాంట్‌జెను దానము. నాల్గవది 1909లో జర్మను వైద్యుడు మార్టిన్ కిర్ష్నరు ప్రవేశపెట్టిన సన్నని ఉక్కుతీగ. ఆయన దానిని ముందుగా విరిగిన కాలి ఎముకను లాగిపట్టుటకు ఉపయోగించెను. కాలక్రమమున అది చిన్న ఎముకలను కుట్టు సూదిగా మారినది. నేడు ప్రపంచమున ఏ ఆసుపత్రిలోనైనను చేతి ఎముకలకు ఆ తీగయే మొదటి సాధనము.

ఈ సాధనములు సమకూరుటకు పూర్వమును, సమకూరిన పిమ్మట చాలకాలమువరకును, ప్లాస్టరు కట్టే ప్రధానచికిత్స. యుద్ధరంగమున విరిగిన ఎముకలకు వాడుటకై హాలండుదేశపు సైనికవైద్యుడు మతైసెన్ 1851 ప్రాంతమున ఆ కట్టును రూపొందించెను. బొటనవ్రేలిని లాగి, మొదటను అదిమి, గట్టిపడువరకు పట్టియుంచుట ఆ పద్ధతి. మూడు దినములలో వాపు తీయును, కట్టు లోపల చోటు ఏర్పడును, ఎముక మరల జారును. కొందరు వైద్యులు వ్రేలికి లాగుడు కట్టు తగిలించి వారములకొలది ఉంచిరి. చర్మము ఒరిసి పుండ్లు పడుటయు, కీళ్లు బిగియుటయు దాని ఫలము.

1950లో అమెరికా వైద్యుడు వాగ్నరు సులభమైన ఉపాయమును వివరించెను. చర్మమును కోయకుండగనే బొటనవ్రేలిని పొడవునకు లాగి, ప్రక్కకు తొలగించి, లోనికి కొంచెము త్రిప్పి, ఎముక మొదటిపై వైద్యుడు తన బొటనవ్రేలితో అదుమును. చేరినదని తోచినపుడు కిర్ష్నరు తీగను వెలినుండి ఎముకగుండ ట్రెపీజియములోనికి దూర్చును. ఇచ్చట సూక్ష్మమేమనగా, ఆ చిన్న తునకను పొడువనవసరము లేదు. అది తన చోటనే కలదు. జారినది పెద్ద ఎముక. దానిని తెచ్చి తునక ప్రక్కన నిలిపినచో చాలును. తొట్టిలో బిడ్డను వదలి తల్లి దూరమేగినపుడు తొట్టిని కదపనేల, తల్లినే తిరిగి రప్పించవలెను గదా! తీగ నాలుగునుండి ఆరు వారములు ఉండి, పిమ్మట తీసివేయబడును.

ఈ విధమున తునకలు సరిగా చేరనిచోట కీలును తెరచి చూడవలెను. 1952లో స్వీడను వైద్యులు గెడ్డా, మోబెర్గు అను వారలు బహిరంగశస్త్రచికిత్సను వివరించిరి. 1954లో గెడ్డా ఈ భగ్నములను గూర్చి విపులమైన గ్రంథమును ప్రకటించి, తునకయొక్క పరిమాణమును, ఎముక జారిన విధమును బట్టి వర్గీకరణము చేసెను. కోత బొటనవ్రేలి వెలి అంచునుండి మొదలై మణికట్టువద్ద అరచేతివైపునకు వంగును. చర్మము క్రిందనే పోవు స్పర్శనాడి కొమ్మలను కాపాడవలెను. అవి తెగినచో ఎముక బాగుపడినను వ్రేలిపై తిమ్మిరియు మంటయు మిగులును. తునకలను కంటియెదుట కలిపి తీగలతోనో సన్నని మరమేకుతోనో బిగింతురు. 1958లో స్విట్జర్లండునందు ఎముకల స్థిరీకరణమును అధ్యయనముచేయు వైద్యసంఘమేర్పడిన పిమ్మట చిన్న మరమేకులు, చిన్న పలకలు వాడుకలోనికి వచ్చినవి. దృఢముగా బిగించినచో కీలును త్వరగా కదపవచ్చుననుట వాని గుణము. కదలించెడి తెరచిత్రమును చూచుచు తీగ వేయుటయు, 1990ల తరువాత సన్నని దర్శినిని కీలులోనికి పంపి చూచుటయు క్రమముగా చేరినవి.

నలిగిన రొలాండో భగ్నమునకు మరమేకు పట్టదు. పిండిలో మేకు దిగదు గదా. అట్టిచోట వెలినుండి చట్రము కట్టి ఎముకను లాగిపట్టుదురు. ఈ విషయమున మన దేశపు దానము స్మరింపదగినది. బొంబాయికి చెందిన శస్త్రవైద్యుడు బి.బి. జోషి కిర్ష్నరు తీగలను చిన్న లింకులతో కలిపి, తక్కువ వ్యయముతో వెలిచట్రమును కట్టు పద్ధతిని కల్పించెను. అది ఆయన పేరనే దేశమంతట వ్యాపించినది. విదేశపు పలక కొనలేని రోగికి తీగ ముక్కలతో చేయి నిలిపిన ఆ బుద్ధి మన పరిస్థితులనుండి పుట్టినది.

ఒక వివాదము

కీలులోని తునకలు వెండ్రుకవాసి తేడా లేకుండ చేరవలెనా, కొంచెము ఎగుడుదిగుడు మిగిలినను చాలునా అనునది నేటికిని వైద్యుల మధ్య చర్చ. ఒకటి లేక రెండు మిల్లీమీటర్లకు మించిన మెట్టు మిగులరాదని పలువురి మతము. మెట్టు మిగిలిన కీలు కాలక్రమమున అరిగి వాతము పట్టునని వారి వాదము. చిత్రమున అరుగుదల కనబడినను నొప్పి లేకుండ పనిచేసుకొనువారు కలరని మరికొందరి సమాధానము. ప్లాస్టరుతో మాత్రమే చికిత్స పొందినవారిని సగటున 26 సంవత్సరముల పిమ్మట పరీక్షించి 1990లో ప్రకటించిన ఒక ఆంగ్లపరిశీలనము, వారి చేతులలో కదలికయు బలమును తగ్గియున్నవని తేల్చి శస్త్రచికిత్సా పక్షమును బలపరచినది. తీగయా, మరమేకా అనునది ఇంకను తెగలేదు. తొలగిన ఎముకను మాత్రము ఏదోవిధమున చోటికి తెచ్చి నిలుపవలెనను విషయమున ఇరుపక్షములకును ఏకాభిప్రాయమే. దానికి కాలము ముఖ్యము. మొదటి వారము పది దినములలో సులభమైనది, మూడు వారములు దాటినచో ఎముక వంకరగా అతుకనారంభించి కష్టసాధ్యమగును. అరిగి నొప్పిపెట్టు కీలునకు పిమ్మట చేయదగినవి రెండు. ట్రెపీజియమును తొలగించుట ఒకటి. ఇంగ్లండునందు గెర్విసు 1949లో దీనిని వివరించెను. కీలును శాశ్వతముగా బిగించివేయుట రెండవది. బరువుపని చేయువారికి రెండవదానినే పలువురు సూచింతురు. బిగిసిన వ్రేలు బలముగా పట్టగలదు, కాని అరచేతిని చదునుగా నేలకు ఆనింపలేదు.

మన తీరమునకు చేరిన విధము

గంజాము జిల్లా 1936 ఏప్రిలు 1 వరకు మదరాసు రాజధానిలోనిది. ఆనాడు ఒరిస్సా రాష్ట్రమేర్పడుటతో అందు చేరినది. వైద్యమునకు ఈ మార్పు చిన్నది కాదు. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల నెలకొనినది. కింగు జార్జి ఆసుపత్రియు ఆ కాలముదే. రైలుమార్గమున గంజాము తెలుగువారికి అది సహజమైన పెద్దాసుపత్రి. భాష యొకటే, పాలనయు నొకటే. 1936 తరువాత పాలన కటకమువైపు తిరిగినది. అచ్చటి వైద్యకళాశాల 1944లో ఏర్పడినది. 1962లో బరంపురమున వైద్యకళాశాల స్థాపింపబడి, పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు దాల్చినది. దానితో దక్షిణ ఒడిశాకు పెద్దవైద్యము ఇంటిముంగిటికి వచ్చినది. చేతి శస్త్రవిద్య దక్షిణదేశమున వికసించినది మాత్రము రాయవేలూరునందు. 1946లో అచ్చటి క్రైస్తవ వైద్యకళాశాలకు వచ్చిన పాలు బ్రాండు కుష్ఠరోగముచే చచ్చుబడిన చేతులకు స్నాయువులను మార్చి కట్టి, బొటనవ్రేలు మరల తక్కిన వ్రేళ్లకు ఎదురు నిలుచునట్లు చేసెను. చేయి తిరిగి పనికి వచ్చినపుడే చికిత్స ముగిసినట్లని ఆయన చాటిన నీతి భగ్నచికిత్సకును వర్తించును.

విద్య బరంపురము చేరినది. పొడంపేట చేరినదా? ఇచ్చట ఒక అనుభవమును చెప్పక తప్పదు. నా విద్యార్థి తండ్రియొకడు నావ ఒడ్డుపట్టునపుడు పడి బొటనవ్రేలు వాచి నొప్పిపడెను. వేటకాలము. తాబేళ్ల రక్షణకై ఋషికుల్యాముఖమున ఏటా నవంబరు 1 నుండి మే 31 వరకు యంత్రపు పడవల వేటకు నిషేధము కలదు. మిగిలిన నెలలలో ఒక్క దినము పోయినను లోటే. పసరుకట్టు కట్టించుకొని ఎడమచేతితో పనిచేసెను. పిమ్మట ఒక వైద్యశాలకు పోయెను. సంతలో చేపలమ్ముటకు చాలిన ఒడియా అతనికి కలదు. నొప్పి ఎచ్చట మొదలై ఎచ్చటికి పాకుచున్నదో, ఏ పని చేసినపుడు వ్రేలు జారినట్లగునో చెప్పుటకు ఆ ఒడియా చాలలేదు. బెణుకని లేపనమిచ్చి పంపిరి. చిత్రము తీయలేదు. రెండవమారు వేరొకచోట చిత్రము తీసినప్పటికి ఏడు వారములు గడచినవి. ఎముక వంకరగా అతికియుండెను. నేడతడు మోకు లాగగలడు గాని, వల అల్లెడి సూదిని పది నిమిషములకు మించి పట్టలేడు. “మేస్టారూ, ఏలు పోనేదు గాని వల పోనాది” అని అతడు నాతో ననెను. పెద్ద గ్రంథములలోని నిర్వచనములకంటె ఈ వాక్యము ఈ భగ్నమును బాగుగా నిర్వచించుచున్నదని నాకు తోచినది.

ఆ వైద్యుని నేను నిందింపను. వాచిన వ్రేలును చూచి లోపలి భగ్నమును గుర్తింపలేకపోవుట బెన్నెట్టు కాలమునుండి ఉన్నదే. కాని ఇచ్చట భాషకూడ దోషములో పాలుపంచుకొన్నది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని పూని, వారి భాష నేర్చి, పుస్తకములు వ్రాసిరి. ఆ ప్రాంతము 1936లో ఒరిస్సాలో చేరినపుడు వారు ఆ యూరు విడిచిరి. అల్పసంఖ్యాకుని భాషను గౌరవించుటయన ఆ భాషవానికి ఉపకారము చేయుటయేయని వారు చూపిన త్రోవ. ఆ త్రోవ పాఠశాలతో ఆగక వైద్యశాల గడప దాటవలెను.

శస్త్రవిద్యయందలి నూతనపరిణామ మొకటి ఈ మాటకు బలము చేకూర్చుచున్నది. కెనడా వైద్యుడు డోనాల్డు లలోండు మున్నగువారు ప్రచారములోనికి తెచ్చిన పద్ధతిలో రోగికి మత్తు ఇయ్యరు. తిమ్మిరి మందును, రక్తస్రావమును తగ్గించు ఎడ్రినలీనును కలిపి చేతిలోనే సూదివేయుదురు. వ్రేళ్లలో ఎడ్రినలీను వాడరాదను పాతనిషేధము నిరాధారమని వారు నిరూపించిరి. రోగి మేలుకొనియుండును. తీగ వేసిన పిమ్మట వైద్యుడు “వ్రేలు కదపుము, చిటికెనవ్రేలిని తాకుము” అని అడిగి, ఎముక నిలుచుచున్నదో లేదో అప్పుడే చూచుకొనును. బీదరోగికి ఖర్చు తగ్గును, పెద్దమత్తు అపాయము ఉండదు. కాని శస్త్రచికిత్సాగారములో ఆ సంభాషణ ఏ భాషలో జరుగవలెను? రోగి భాష ఎరిగిన వారొకరు ప్రక్కనుండుట ఇక మర్యాద మాత్రము కాదు, చికిత్సలో ఒక భాగము.

ఉపసంహారము

ఈ చరిత్రనుండి తేలిన విషయములు మూడు. బొటనవ్రేలి మూలభగ్నము పైకి బెణుకువలె కనబడును; పిడికిలితో పడి మొదట వాచిన ప్రతి వ్రేలికిని చిత్రము తీయించవలెను. కట్టు దానిని నిలుపలేదు; మొదటి పది దినములలో చికిత్స జరుగవలెను. ఎముక అతికిన పిమ్మట చేతికి పని మరల నేర్పవలెను. వీనిని మొదట ఎరుగవలసినవారు పల్లెలో కట్టుకట్టువారే. రోగి ముందుగా పోవునది వారియొద్దకే కనుక, “ఇది నా కట్టునకు నిలువదు, పట్టణమునకు పొమ్ము” అని వారు చెప్పిననాడు సగము చేతులు దక్కును. మా పాఠశాలలలోని పై తరగతుల పిల్లలకు శరీరావయవముల పేర్లను తెలుగునను ఒడియాలోను జంటగా నేర్పుట నేను మొదలుపెట్టినాను. ‘బొటనవ్రేలి మొదట, మణికట్టు దగ్గర’ అను ఆరేడు మాటలు ఒడియాలో చెప్పగల బాలుడు తన తండ్రి వెంట వైద్యశాలకు పోయినచో ఆ మాటలకు ఒక చేయి విలువ కలదు.

సముద్రము పొడంపేటను కోసివేయుచున్నది. పాత ఊరిలోని ఇండ్లెన్నో అలలపాలైనవి. ఊరు కదలిపోయి వేరొకచోట కట్టుకొనవలసివచ్చినది. కట్టుకొనుటకు చేతులే ఆధారము. సుశ్రుతుడు చెప్పిన మట్టిముద్ద ఋషికుల్య ఒడ్డున కలదు, ఉప్పుగడ్డ సమీపమందలి హుమ్మా ఉప్పుమళ్లలో కలదు, రాయి గట్టుపై కలదు. వానిని వరుసగా పట్టించుటకు ముందు ఎముకను సకాలమున చోటికి చేర్చు వైద్యుని యొద్దకు రోగిని పంపుట, అతని బాధను అతని మాటలలో వినిపించుట మన పని. ఈ విషయమున తెలుగు సంఘములు దృష్టి నిలుపునుగాక యని కోరుచు విరమించుచున్నాను.